కలం స్నేహం నుండి కంప్యూటర్ స్నేహం వరకు

స్నేహితుడంటే ఎవరు? పక్కింటివాడు. బడిలో పక్క బెంచీవాడు. నమాజులో పక్కన నిలబడేవాడు. బజారులో పక్క దుకాణంవాడు. తాతల కాలం నుండి 'పక్క' అనే మాట లేకుండా దోస్తీ అనే మాట లేదు. అలాంటిది, గత 50 ఏళ్ళలో పక్కన లేనివాడితో, ఒక్కొక్కసారి ముఖమైనా చూడనివాడితో, స్నేహం చేయడం లోకంలో మామూలు సంగతి అయిపోయింది. ఈ మార్పు ఎక్కడ మొదలైంది, మన ఇళ్ళలోకి ఎప్పుడు వచ్చింది, వచ్చి ఏమి చేసింది అనే విషయాలను సంఘ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచాలని మా ప్రయత్నం. పిల్లలకు ఇందులో కొంత పాతచింతకాయ పచ్చడిలా తోచవచ్చు. పెద్దలకు కొంత వింతగా ఉండవచ్చు. ఇద్దరూ ఓపిక పట్టి చదవగలరని మనవి.

అసలు ముఖం చూడని స్నేహం కంప్యూటరుతోనే పుట్టిందనుకోవడం సరి కాదు. 1960లలో, 70లలో తెలుగు పత్రికలు తిరగేసినవారికి 'కలం స్నేహం' శీర్షికలు గుర్తుండే ఉంటాయి. పేరు, వయస్సు, చిరునామా, అభిరుచులు – ఇంతే. అభిరుచులంటే తపాలా బిళ్ళల సేకరణ, పాటలు వినడం, కథలు చదవడం. ఎవరిని చూసినా ఇవే! ఒక ఇన్‌లాండ్ కవరు కొని, ఎన్నడూ చూడని ఊరిలో ఎన్నడూ చూడని మనిషికి 'ప్రియ మిత్రమా' అని రాయడమే. చాలా స్నేహాలు మూడో ఉత్తరంతో ఆగిపోయేవి. కొన్ని మాత్రం పెళ్ళి శుభలేఖల దాకా, పుట్టిన పిల్లల కబుర్ల దాకా నడిచాయి.

మన కుటుంబాలలో ఉత్తరానికి ఇంకొక ప్రాధాన్యం కూడా కలదు. 1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలలో పనులు పుట్టుకొచ్చాయి. హైదరాబాదు పాతబస్తీ నుండి, కడప, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి ఎందరో కువైట్, సౌదీ, దుబాయ్ దారి పట్టారు. అప్పటి నుండి భర్త ఒక దేశంలో, భార్య ఒక దేశంలో. అన్న అక్కడ, తమ్ముడు ఇక్కడ. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. చదువు రాని అమ్మీకి పక్కింటి కుర్రవాడు చదివి వినిపించాలి. దాంతో ఇంటి గుట్టు వాడంతా తెలిసిపోయేది. ఆ ఇబ్బంది పడలేక కొందరు టేప్‌రికార్డరు ముందు కూర్చుని క్యాసెట్టు నిండా మాట్లాడి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఒక వైపు ఖైరియత్, రెండో వైపు కన్నీళ్ళు. ఈ క్యాసెట్టు సంగతి పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. తర్వాత దీనితో పని ఉంది.

మనవాళ్ళు కవర్లకు జిగురు అంటిస్తున్న ఆ కాలంలోనే అమెరికాలో కంప్యూటర్లను తీగలతో కలిపే పని జరుగుతూ ఉండింది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం పంపారు. 'లాగిన్' అనే మాటలో మొదటి రెండక్షరాలు చేరాయో లేదో, అవతలి యంత్రం చతికిలబడింది. ఈ తీగల వల రక్షణ శాఖ డబ్బుతో కట్టినది. దాని పేరు ఆర్పానెట్. స్నేహం దాని ఉద్దేశం కానే కాదు. ఖరీదైన కంప్యూటర్లను దూరాన ఉన్న శాస్త్రజ్ఞులు కూడా వాడుకోవాలని కట్టారు. 1971లో రే టామ్‌లిన్సన్ అనే ఇంజినీరు ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ఉత్తరం పంపే ఉపాయం కనిపెట్టాడు. ఈ-మెయిల్ చిరునామాలో పేరు పక్కన 'ఎట్' గుర్తు పెట్టినవాడు ఆయనే. రెండేళ్ళు తిరిగేసరికి ఆ తీగల మీద నడిచే రాకపోకల్లో నాలుగింట మూడు వంతులు ఉత్తరాలే! లెక్కలు మోయడానికి వేసిన రోడ్డు మీద కబుర్లు నడిచాయన్నమాట.

ఈ విచిత్రం ఒక్కసారి జరిగి ఊరుకోలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటరు ఉండేది. విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి పెట్టినది. 1973లో డేవిడ్ వూలీ అనే 17 ఏళ్ళ కుర్రవాడు, యంత్రంలో లోపాలు కనిపిస్తే రాసి పెట్టడానికి ఒక 'నోట్స్' పుస్తకం లాంటిది తయారు చేశాడు. లోపాలు రాయడం పోయి జనం సినిమాలు, సంగీతం, రాజకీయాలు రాయడం మొదలుపెట్టారు. అదే సంవత్సరం అక్కడే వచ్చిన టాకోమాటిక్‌లో ఐదుగురు ఒకేసారి కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒకరు కొట్టే ఒక్కొక్క అక్షరం మిగతావారికి అప్పటికప్పుడు కనిపించేది. తప్పు కొట్టి చెరిపినా అందరూ చూసేవారు! ఇప్పటి పిల్లలు రాసి, చెరిపి, ఆలోచించి పంపుతారు. అప్పటివారికి ఆ సౌకర్యం లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే.

ఫ్రాన్సులోనూ ఇదే కథ. అక్కడ టెలిఫోను శాఖవారు 1980లలో డైరెక్టరీ పుస్తకానికి బదులు మినీటెల్ అనే చిన్న యంత్రం ఇంటింటికీ ఉచితంగా ఇచ్చారు. నంబర్లు వెతుక్కోవడానికి, రైలు టిక్కెట్లు కొనడానికి అది పనికి వచ్చేది. స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఒక వార్తాపత్రిక నడిపిన గ్రెటెల్ అనే సేవలో, వాడేవారికి సాయం చేయడానికని సందేశాలు పంపే ఏర్పాటు ఒకటి ఉండేది. జనం దాన్ని పట్టుకుని తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చూసి చూసి, నిర్వాహకులు చివరకు దాన్నే ఒక సేవగా పెట్టారు. దేశమంతా రాత్రిళ్ళు ఈ కబుర్లలో మునిగింది. మనిషికి ఏ పనిముట్టు ఇచ్చినా ముందు దాంతో 'ఎలా ఉన్నావు' అని అడుగుతాడు కాబోలు.

షికాగో కథ మాకు ఇంకా ఇష్టం. 1978 జనవరిలో అక్కడ భయంకరమైన మంచు తుఫాను. ఇల్లు కదలలేని పరిస్థితి. వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ సూస్ అనే ఇద్దరు మిత్రులు ఆ ఖాళీలో ఒక ఆలోచన చేశారు. క్లబ్బుల గోడ మీద కాగితాలు గుచ్చే బోర్డు ఉంటుంది కదా, అలాంటిది కంప్యూటరులో పెడితే? ఫిబ్రవరి 16కి అది సిద్ధమైంది. టెలిఫోను ద్వారా దానికి ఫోను చేసి, నోటీసులు చదివి, మనం ఒకటి అంటించి పెట్టేయవచ్చు. లైను ఒకటే కనుక ఒకరు దిగితే గాని ఇంకొకరు ఎక్కడానికి లేదు. తర్వాత ఇలాంటి బోర్డులు వేలకు వేలు వచ్చాయి. ఫోను బిల్లుకు భయపడి ఎవరి ఊరి బోర్డులో వారే చేరేవారు. అందువల్ల రాతలో పరిచయమైనవారు ఆదివారం నాడు ఒక హోటల్లో కలుసుకోవడం కూడా తేలికగానే జరిగేది.

రాతలో మాట్లాడితే ఒక ఇబ్బంది. గొంతు వినపడదు, ముఖం కనపడదు. వెటకారమో, నిజమో తెలియదు. 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరు లిఫ్టులో పాదరసం ఒలికిందని హాస్యానికి రాస్తే, కొందరు నిజమని హడలిపోయారు. అప్పుడు స్కాట్ ఫాల్మన్ అనే ఆచార్యుడు సెప్టెంబరు 19న ఒక సూచన చేశాడు: హాస్యమైతే రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్టు పెట్టండి, తల పక్కకు వంచి చూస్తే నవ్వు ముఖం కనిపిస్తుంది అని. ఈనాడు మన ఫోన్లలో కనిపించే పసుపుపచ్చ ముఖాలన్నిటికీ అదే తాత.

కాలిఫోర్నియాలో 1985లో 'వెల్' అనే ఒక కూటమి మొదలైంది. ఎవరు రాసిన మాటకు వారే బాధ్యులు అనేది అక్కడి మొదటి నియమం. హోవర్డ్ రైన్‌గోల్డ్ అనే రచయిత 1993లో దీని మీద ఒక గ్రంథం రాశాడు. అందులో ఆయన కూతురు తలలో పిడుదు పట్టిన సంగతి ఉంది. రాత్రి పొద్దుపోయింది. భార్య డాక్టరు కోసం ఫోను చేసి ఎదురు చూస్తూ ఉంది. ఈయన వెల్‌లో తల్లిదండ్రుల విభాగంలో అడిగాడు. డాక్టరు తిరిగి ఫోను చేసేలోగానే జవాబు వచ్చింది, పిడుదును తీసేయడం కూడా అయిపోయింది. చిన్న విషయమే. కాని మొహల్లాలో అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చే మనిషి ఉన్నాడనే ధైర్యం ఉంటుంది చూడండి, ఆ ధైర్యం తీగల మీద కూడా దొరకగలదని ఆనాడే తేలింది.

1988 ఆగస్టులో ఫిన్లాండులోని ఊలూ విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే విద్యార్థి ఐ.ఆర్.సి. అనే ఏర్పాటు చేశాడు. లోకంలో ఎక్కడివారైనా ఒకే 'ఛానెల్'లో చేరి అప్పటికప్పుడు మాట్లాడుకోవచ్చు. 1991 గల్ఫ్ యుద్ధ సమయంలో వందలమంది దాంట్లో చేరి, యుద్ధవార్తలు క్షణక్షణం చదువుకున్నారు. ఇది రాస్తూ ఉంటే మాకు మన ఇళ్ళే మెదులుతాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. అక్కడ మన భారతీయులు లక్షా డెబ్బై వేలకు పైగా చిక్కుకున్నారు. బస్సులలో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుండి ఎయిరిండియా విమానాలలో రోజుల తరబడి ఇళ్ళకు వచ్చారు. ఇక్కడ తల్లులకు తెలిసినది రేడియో చెప్పినంతే. కొడుకు బ్రతికున్నాడా లేదా అన్నది వాడు వచ్చి గుమ్మంలో నిలబడితేనే తెలిసింది. అక్కడ విశ్వవిద్యాలయాలవారు యుద్ధవార్తలు క్షణాలలో చదువుకుంటున్నారు, ఇక్కడ తల్లి పోస్టుమ్యాన్ కోసం చూస్తూ ఉంది. ఒకే యుద్ధం.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. వి.ఎస్.ఎన్.ఎల్. వారు ముందుగా ముంబై, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలలో ఇచ్చారు. ఖర్చు సామాన్యుడికి అందేది కాదు. 1998 చివరలో ప్రైవేటు సంస్థలకు కూడా అనుమతి లభించాక వీధి వీధికీ నెట్ కెఫెలు లేచాయి. అంతకుముందు ఎస్.టి.డి. బూత్ ఉన్నచోటే ఒక ప్లైవుడ్ అడ్డం పెట్టి నాలుగు కంప్యూటర్లు. మొదట్లో గంటకు 60 రూపాయలు తీసుకునేవారు. కొన్నేళ్ళకు అది 20, 15 రూపాయలకు దిగింది. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి, ఎందుకంటే యంత్రాలకు ఏ.సి. ఉండేది! కరెంటు పోతే ఆ నిమిషాలు లెక్కలో కలపాలా వద్దా అని కెఫెవాడితో తగువు.

1996లో బెంగళూరులో పెరిగిన సబీర్ భాటియా, తన మిత్రుడు జాక్ స్మిత్‌తో కలిసి అమెరికాలో హాట్‌మెయిల్ ప్రారంభించాడు. ఇంట్లో కంప్యూటరు లేకపోయినా, ఏ కెఫెలో కూర్చున్నా, మన ఉత్తరాల పెట్టె తెరుచుకుంటుంది. సొంత ఇల్లు లేనివాడికి కూడా చిరునామా దొరికిందన్నమాట. గల్ఫ్ కుటుంబాలకు ఇది ఎంత మేలు చేసిందో వేరే చెప్పనక్కరలేదు. అయితే పాత ఇబ్బంది అలాగే మిగిలింది. బురఖా వేసుకుని అమ్మీ కెఫెకు వచ్చి కూర్చుంటుంది. ఆమె ఉర్దూలో చెబుతూ ఉంటే కుర్రవాడు ఇంగ్లీషు అక్షరాలలో కొడుతూ ఉంటాడు. ఒకనాడు ఉత్తరం చదివిపెట్టిన కుర్రవాడి తమ్ముడే వీడు అనుకోండి. మన ఇళ్ళలో మాట ఉర్దూ, చదువు తెలుగు, టైపు మాత్రం ఇంగ్లీషు. మూడు భాషలకూ ఒకటే లిపి అయి కూర్చుంది. ఈ విషయం గురించి ఎవరైనా విడిగా రాయవలసి ఉంది.

తెలుగువారి విషయానికి వస్తే, అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థులు అప్పటికే యూజ్‌నెట్ అనే చర్చావేదికలో తెలుగు గుంపు ఒకటి పెట్టుకున్నారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో అందరూ ఒకే తీరుగా రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి తయారైంది. 1998 దీపావళికి 'ఈమాట' అనే ఇంటర్నెట్ పత్రిక వెలువడింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. సాహిత్యం మీద దెబ్బలాడుకుంటూనే దగ్గరైన స్నేహాలు వీటిలో ఎన్నో కలవు. అభిరుచి కలిస్తే ఊరు కలవనక్కరలేదు అని నిరూపించినవారు వీరు. కలం స్నేహానికి అసలైన వారసులు అని కూడా అనవచ్చు.

కాని కెఫెలో కూర్చున్న మామూలు కుర్రకారు సాహిత్యం కోసం రాలేదు. యాహూ చాట్ గదులకు వచ్చారు. లోపలికి అడుగు పెట్టగానే ఎవరో ఒకరు అడిగే మొదటి ప్రశ్న 'ఏ.ఎస్.ఎల్.?' అంటే వయసు, ఆడా మగా, ఊరు. జవాబుల్లో నిజమెంతో అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. పెద్దలు చాలా హడలిపోయిన కాలం అది. కెఫెలలో అడ్డుచెక్కల వెనక పిల్లలు ఏమి చేస్తున్నారో అని. చివరకు 2011లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. అడ్డుచెక్కలు నాలుగున్నర అడుగులకు మించకూడదు, వచ్చినవారి గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు ఏడాదిపాటు భద్రపరచాలి. నియమం వచ్చేనాటికి కుర్రవాళ్ళ చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి. ప్రభుత్వం గడియ వేసేసరికి గుర్రం కొట్టంలో లేదు.

నెట్‌లో స్నేహాలు పెరిగితే ఇంట్లో, వీధిలో స్నేహాలు తగ్గిపోతాయా? మన పెద్దలు అడిగిన ఈ ప్రశ్ననే అమెరికా పండితులు కూడా అడిగారు. రాబర్ట్ క్రౌట్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్‌లో 73 ఇళ్ళలోని 169 మందిని ఒకటి రెండేళ్ళు గమనించి 1998లో ఫలితం ప్రకటించారు. ఎక్కువగా నెట్ వాడినవారిలో ఇంటివారితో మాటలు తగ్గాయి, ఒంటరితనం కొంత పెరిగింది అని. ప్రపంచమంతా గగ్గోలు. అయితే అదే పరిశోధకులు ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే ఆ చెడు ప్రభావాలు చాలావరకు మాయమయ్యాయి. 2002లో ఆ మాట కూడా నిజాయితీగా ప్రకటించారు. మొదటి వార్త విన్నంతమంది రెండో వార్త వినలేదు, అది వేరే సంగతి.

కెనడాలో టొరాంటో శివార్లలో జరిగిన మరో పరిశోధన ఇంకా విలువైనది. అక్కడ కొత్తగా కట్టిన ఒక కాలనీలో కొన్ని ఇళ్ళకు వేగమైన నెట్ ఇచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. కీత్ హాంప్టన్ అనే పరిశోధకుడు అక్కడే ఇల్లు తీసుకుని కాపురం ఉండి, తన గురువు బారీ వెల్‌మన్‌తో కలిసి లెక్క తీశాడు. నెట్ ఉన్న ఇంటివారికి సుమారు 25 మంది ఇరుగుపొరుగువారి పేర్లు తెలుసు. లేనివారికి 8 మంది పేర్లే తెలుసు! కాలనీవారంతా ఒక ఈ-మెయిల్ జాబితాలో ఉండడం వల్ల, ఇంటి పనిలో ఏదైనా లోపం వస్తే బిల్డరు మీద అందరూ కలిసి లేవగలిగారు. దూరాన్ని దగ్గర చేయడం అటుంచి, దగ్గరవారిని కూడా దగ్గర చేసిందన్నమాట. మన సంఘం కబురు ఈనాడు వాట్సాప్‌లో పది నిమిషాలలో అందరికీ చేరుతున్నది కదా, దాని తొలి రూపం ఇది.

2004 జనవరిలో గూగుల్ సంస్థలో ఓర్కుట్ బుయుక్కోక్తెన్ అనే టర్కీ ఇంజినీరు తన పేరుతోనే ఒక వేదిక తెరిచాడు. ఆర్కుట్ మన దేశానికీ, బ్రెజిల్‌కూ పట్టినంతగా ఇంకెక్కడా పట్టలేదు. మొదట్లో ఎవరైనా పిలిస్తే గాని లోపలికి ప్రవేశం లేదు, పెళ్ళి పిలుపులా. స్నేహితుడి గోడ మీద 'స్క్రాప్' రాయడం, అతని గుణగణాలు పొగుడుతూ 'టెస్టిమోనియల్' రాయడం. మన పేజీ ఎవరు చూసి వెళ్ళారో కూడా తెలిసేది! బడి విడిచి ఇరవై ఏళ్ళయినవారు పేరు వెతికి పట్టుకుని మళ్ళీ కలిశారు. ఇక్కడే ఒక పెద్ద మలుపు ఉంది. అంతకుముందు జనం నెట్‌కు వెళ్ళింది తెలియనివారిని కలవడానికి. ఆర్కుట్ నుండి తెలిసినవారిని వెతుక్కోవడానికి వెళ్ళారు. ముసుగు పేర్లు పోయి సొంత పేర్లు వచ్చాయి.

ఆ ఫిబ్రవరిలోనే హార్వర్డ్‌లో పుట్టిన ఫేస్‌బుక్ ఆ మలుపును పూర్తి చేసింది. ఆ సంస్థ మన దేశంలో తన మొదటి కార్యాలయాన్ని 2010లో హైదరాబాదులోనే పెట్టింది. అక్కడ బావ, బాస్, ఇంటి ఓనరు, ఇరవై ఏళ్ళనాటి ప్రాణమిత్రుడు – అందరూ 'ఫ్రెండ్సే'. 5,000 మంది వరకు చేర్చుకోవచ్చు. మనకు తెలుగులో పరిచయస్థుడు వేరు, స్నేహితుడు వేరు, ప్రాణస్నేహితుడు వేరు. ఉర్దూలో జాన్‌పహచాన్ వేరు, దోస్త్ వేరు, జిగ్రీ దోస్త్ వేరు. ఈ తేడాలన్నిటినీ ఒకే మాటతో తుడిచేయడం మాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఇక వాట్సాప్. 2009లో వచ్చింది, 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొనేసింది. దాంట్లో 2013లో గొంతు సందేశం వచ్చింది. వేలితో నొక్కి మాట్లాడి వదిలితే చాలు. చదువు రాని అమ్మీకి చదివిపెట్టే కుర్రవాడి అవసరం ఆ రోజుతో తీరిపోయింది. ముందు చెప్పిన క్యాసెట్టు 30 ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చిందన్నమాట. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మన దేశంలో నెట్ చవకైపోయింది. 2017 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ ఫోన్ల మీద ఆంక్ష తీసేసింది. 2020లో కరోనా లాక్‌డౌన్ నడుమ ఈద్ వచ్చింది. గల్ఫ్‌లో గదిలో చిక్కినవాడూ, ఇక్కడ ఇంట్లో చిక్కినవాడూ ఒకే తెర మీద సేమియా గిన్నెలు చూపించుకున్నారు. గుండెకు గుండె ఆనించి ముబారక్ చెప్పడం మాత్రం ఏ యంత్రం వల్లా కాలేదు.

చేదు సంగతులు దాచడం చరిత్ర కాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారనే పుకారు వాట్సాప్‌లో పాకి, పలు రాష్ట్రాలలో అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. పంపినవారు శత్రువులు కారు, మిత్రులే. మిత్రుడు పంపాడు కనుకనే నమ్మారు. తెలంగాణలో గద్వాల జిల్లా పోలీసు అధికారి రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి జనానికి నచ్చజెప్పారు. ఆ జూలైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. చివరకు పుకారును ఎదుర్కోవడానికి దండోరా కావలసి వచ్చింది!

ఇంకొకటి మన ఆడపిల్లలకు సంబంధించినది. 2021 జూలైలో, మళ్ళీ 2022 జనవరి 1న, చదువుకున్న, ఉద్యోగాలు చేస్తున్న ముస్లిం మహిళల ఫోటోలను వారి పేజీల నుండి దొంగిలించి, 'వేలం' అని పెట్టి అవమానించారు. పోలీసులు 2022 జనవరిలో నిందితులను అరెస్టు చేశారు. పట్టుబడినవారు చదువుకునే కుర్రవాళ్ళు, ఒక యువతి కూడా. ఆ తర్వాత కొన్ని ఇళ్ళలో 'ఇదిగో, అందుకే చెప్పాం' అని ఆడపిల్లల ఫోన్లు తీసేసుకున్నారు. దొంగ వచ్చాడని ఇంటివారిని జైల్లో పెట్టినట్టుంది ఇది. ఆ మహిళలలో చాలామంది పేరు పెట్టి ఫిర్యాదు చేశారు, నెట్ ద్వారానే ఒకరికొకరు అండగా నిలిచారు. ఆ విషయం ఆ ఇళ్ళలో ఎవరూ చెప్పుకోరు.

మా మనసులో ఎక్కువగా మెదిలే సంగతి వేరొకటి ఉంది. ఈ కబుర్ల ఇళ్ళన్నీ అద్దె ఇళ్ళే. ఇంటి యజమాని ఖాళీ చేయమంటే చేయాల్సిందే. ఫ్రాన్సులో మినీటెల్ 2012 జూన్ 30న ఆగింది. యాహూ చాట్ గదులు ఆ సంవత్సరం డిసెంబరులో మూశారు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూసివేశారు. యాహూ మెసెంజర్ 2018 జూలై 17న, యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో. గల్ఫ్ కుటుంబాలు ముఖాలు చూసుకున్న స్కైప్ 2025 మే నెలలో. ప్రతిసారీ నోటీసు ఇచ్చారు, మీ వస్తువులు తీసుకోండి అన్నారు. ఆ నోటీసు ఇంగ్లీషులో, ఎప్పుడో మరిచిపోయిన ఈ-మెయిల్‌కు వచ్చింది. ఎవరు చూశారు?

దీని ఫలితం ఏమిటంటే, మన కుటుంబాల వలస చరిత్ర రాయాలని ఎవరైనా కూర్చుంటే, 1975 నుండి 1998 దాకా ఇనుప ట్రంకులలో ఉత్తరాలు ఉన్నాయి. నీలం కవర్లు, కువైట్ స్టాంపులు, 'పిల్లలకు దువా' అనే చివరి వాక్యం. కొన్ని క్యాసెట్లు కూడా, బూజు పట్టినా, ఉన్నాయి. 2013 తర్వాతివి ఫోన్లలో ఎంతో కొంత ఉన్నాయి, ఫోను పోతే పోయినట్టే అయినా. నడుమ ఆ 15 ఏళ్ళవి లేవు. ఆ 15 ఏళ్ళలోనే ఎందరో తండ్రులు బిడ్డ మొదటి అడుగు సంగతి కెఫెలో చదివారు, ఎన్నో పెళ్ళి సంబంధాలు మాట్లాడుకున్నారు, ఎన్నో మరణవార్తలు తెలిశాయి. దోస్తులు దోస్తులకు అప్పులడిగారు, ఇచ్చారు, క్షమించుకున్నారు. అదంతా రాతపూర్వకంగానే జరిగింది. రాత మాత్రం మిగల్లేదు.

అక్కడక్కడా కొన్ని బయటపడుతున్నాయి. చదువు రాని పెద్దలకు ఇంటికి పోయి చదివి వినిపించడానికని, కెఫెలో పేజీకి ఐదు రూపాయలిచ్చి తీయించిన ప్రింట్లు అవి. పైన యాహూ పేరు, కింద తేదీ, గంట. సిరా వెలిసిపోయింది. ఇంగ్లీషు అక్షరాలలో ఉర్దూ. సభ్యుల ఇళ్ళలో అటువంటివి ఉంటే, రేషను కార్డుల మధ్య, ఎల్.ఐ.సి. కాగితాల మధ్య ఒకసారి వెతికి చూడగలరు.